ఒకటి నొక్కిన వేలు

పోయిన వారం దిసేబోని ఆఫీసు గుమ్మం ముందు, తాళంచెవి చేతిలో ఉండగా వదిలేసి వచ్చాం. ఆగస్టు గడువు ముగిశాక వచ్చిన మొదటి సోమవారం అది. ఆవిడ వృత్తిలో మొదటిసారి గొంతు బొంగురుపోకుండా, మెడ పట్టేయకుండా ఆ గడువు దాటింది. అక్క కొడుకు రోరిసాంగ్ తెచ్చిపెట్టిన యంత్రమే ఊళ్ళోవాళ్ళందరి ముందస్తు పన్ను లెక్కలూ అడిగింది, రాసింది, పంపింది. ఆ సంతోషంలోనే తాళం తీయబోతుంటే వెనక నుంచి ఎవరో మెల్లగా పేరు పెట్టి పిలిచారు. తిరిగి చూస్తే నిండా నల్లబట్టల్లో, తన పాత ఖాతాదారు మామొలెఫి నిలబడి ఉంది.

భర్తను మట్టిలో పెట్టి నెల తిరగని మనిషి పొద్దున్నే బజారుకి రాకూడదు. వచ్చినా ఇంకొకరి గడప తొక్కకూడదు, చెయ్యి కలపకూడదు, గొంతు పెంచకూడదు. ఈ రోజుల్లో అవన్నీ ఎవరు పాటిస్తున్నారని దక్షిణాఫ్రికాలోని ఈ క్రూన్‌స్టాడ్‌ ఊళ్ళో నవ్వేవాళ్ళు లేకపోలేదు. మామొలెఫి మాత్రం పాటించే మనిషి. అలాంటావిడ శోకం మీద ఉండి ఇంత దూరం వచ్చిందంటే ఇంట్లో కూర్చోలేని పనేదో పడిందన్నమాట.

"లోపలికి రండమ్మా, గాలి చూడండి ఎట్లా కొడుతోందో," అంది దిసేబో.

"రాకూడదు కదమ్మా. ఇక్కడే నిలబడతాలే."

దిసేబో లోపల్నుంచి రెండు కుర్చీలు మోసుకొచ్చి గుమ్మం పక్కన, మాంసం కొట్టు గోడ వారగా వేసింది. కొట్టువాడు బయట నిప్పుల మీద సాసేజీలు తిప్పుతున్నాడు. దుమ్ము, పొగ కలిసి ఇద్దరి ముఖాల మీదకి కొడుతున్నాయి. దారిన పోయేవాళ్ళు నల్లబట్టలు చూసి నడక తగ్గిస్తున్నారు, ఇద్దరు ముగ్గురైతే మళ్ళీ వెనక్కి తిరిగి కూడా చూశారు. తన లెక్కల సంగతులు ఇలా వీధిలో మాట్లాడాల్సి వచ్చినందుకు దిసేబోకి ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీద మండాలో తెలియక కొట్టువాడి మీద మండిపడింది.

"ఆ పొగ కాస్త అటు తిప్పవయ్యా."

"గాలికి చెప్పండి మేడమ్, నేనూ పొద్దుట్నుంచీ దానికే చెబుతున్నా," అన్నాడు వాడు.

మామొలెఫి చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకునే మాట్లాడింది. "నా ఖాతాలో డబ్బేమైంది తల్లీ? శుక్రవారం మినీబస్సు కిస్తీ కట్టాలి. ఇది ఆఖరి గడువు, తప్పితే బండి పట్టుకుపోతాం అని బ్యాంకువాళ్ళు ముందే చెప్పారు. మొన్న మా కోడలు వెళ్ళి అడిగితే ఖాతాలో ఏమీ లేదన్నారు. అంతా పన్నుకింద పోయిందన్నారు."

"పన్నుకి పోతే మరి మీరే కదమ్మా ఒప్పుకున్నది? పోయినేటి ఆదాయమే ఈ ఏడు కూడా అన్నారు. ఆ లెక్క ప్రకారమే పోయింది."

"ఎవరన్నారు?"

"మీరే. మీ ఫోన్ నుంచే జవాబొచ్చింది."

"పోయినేడు స్కూలు పిల్లల్ని తిప్పే కాంట్రాక్టు ఉంది. ఈ ఏడు అది పోయింది కదా. మా ఆయన మంచం పట్టింది ఆ బెంగతోనే. పోయినేటంత ఈ ఏడు వస్తుందని నేనెందుకంటాను?"

స్కూలు కాంట్రాక్టు పోయిన సంగతి దిసేబోకి తెలియదు. ఈ మాట కొత్తవాళ్ళకి పెద్దగా అనిపించకపోవచ్చు గానీ దిసేబో ఖాతాదారుల విషయంలో అది మామూలు సంగతి కాదు. ఆవిడకి ఎవరి ఇంట్లో రేకులు మార్చారో, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో కూడా తెలుస్తుంది.

ఆవిడ ఆగస్టు పని చేసే పద్ధతి అలాంటిది. ఏడాది సగంలో ఉండగానే ఈ ఏడు ఎంత సంపాదిస్తావో ఊహించి చెప్పు, అందులో పన్ను సగం ఇప్పుడే కట్టు అంటుంది ప్రభుత్వం. తక్కువ ఊహిస్తే జరిమానా. ఎక్కువ ఊహిస్తే ఆ డబ్బు ఏడాది లెక్క తేలేదాకా తిరిగి రాదు. కానీ ఈ ఊళ్ళో ఏ పెద్దమనిషీ తన సంపాదన ఇంత అని నోటితో చెప్పడు. అలా చెప్పడం మర్యాద కాదు, చెబితే దిష్టి కూడా. అందుకని దిసేబో ఆగస్టు అంతా ఫోన్ పట్టుకుని కూర్చునేది. వానల గురించి, కోడళ్ళ గురించి, చర్చి కొత్త పైకప్పు గురించి మాట్లాడి, మాటల మధ్యలో ఏడాది ఎలా ఉందో పట్టుకుని, చివర్లో ఒక అంకె చెప్పేది. అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించేది. ఆ నిట్టూర్పే ఒప్పుకోలు. నిట్టూర్చకుండా దగ్గితే అంకె తప్పని లెక్క, మళ్ళీ వానల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పోయిన ఏడాది ఆగస్టులో గొంతు పూర్తిగా పోయి, ఆవిడ అంకెలు కాగితం మీద రాసి చూపిస్తే రోరిసాంగ్ ఫోన్లో చదివాడు. ఈ తిప్పలు ఇంకెన్నాళ్ళు పిన్నీ అని అప్పుడే యంత్రం సంగతి ఎత్తాడు. అది ప్రతి ఒక్కరికీ మెసేజీ పంపుతుంది. పోయినేడు మీ ఆదాయం ఇంత, ఈ ఏడూ అంతేనా, అవునంటే ఒకటి, కాదంటే రెండు. ఒకటి నొక్కగానే లెక్క పన్నుల శాఖకి వెళ్ళిపోతుంది. బ్యాంకు అదే ఫోన్‌కి కట్టమంటారా అని అడుగుతుంది, ఇంకో నొక్కుతో డబ్బూ వెళ్ళిపోతుంది. ఎవరూ ఏమీ నొక్కకపోతే యంత్రం కదలదు. అయితే అందరూ నొక్కారు. గడువులోపు ఒక్కరు కూడా మిగల్లేదు. దిసేబో ఆ విషయం ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది కూడా.

"జవాబు ఎప్పుడొచ్చిందో చూశానమ్మా," అంది దిసేబో, ఇంకా వాదన వదల్లేక. "అంత్యక్రియలు శనివారం కదా. దానికి ముందు గురువారం, మధ్యాహ్నం వచ్చింది."

"గురువారం నేను పరుపు మీద ఉన్నాను."

ఈ ఒక్క మాటతో వాదన అయిపోయింది. భర్త పోయిన ఆడది అంత్యక్రియలు అయ్యేదాకా గదిలో నేలమీద పరచిన పరుపు వదిలి లేవకూడదు. వచ్చినవాళ్ళు దగ్గర కూర్చుని ప్రార్థన చేసి వెళతారు. ఆ రోజుల్లో ఆవిడ వండకూడదు, డబ్బు ముట్టకూడదు, ఫోన్ పట్టుకోకూడదు. ఇల్లు, వంట, చావు ఖర్చులు అన్నీ మిగతా ఆడవాళ్ళు చూసుకుంటారు.

"మరి ఫోన్?"

"వంటింట్లో ఉంది. ఆవు మాంసానికీ టెంటుకీ కబురు పెట్టాలని తాళం తీసేసి ఉంచారు. ఎవరికి కావాలంటే వాళ్ళు వాడారు."

దిసేబోకి చప్పున మామొలెఫి మరిది గుర్తొచ్చాడు. తాగుడు, అప్పులు, అన్న బండ్ల మీద కన్ను, అన్నీ ఉన్న మనిషి. "మీ మరిదిగారు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారా?"

"నన్ను ముంచాలంటే మా మరిదికి ఫోన్ దేనికి? నా ఎదురుగుండా కూర్చుని నవ్వుతూనే ముంచుతాడు," అంది మామొలెఫి, మొదటిసారి తల ఎత్తి. "పాపం అతన్నేమీ అనకు. ఆ రోజంతా సమాధి తవ్వేవాళ్ళతో ఉన్నాడు."

"మరెవరు?"

సాసేజీలు కొనుక్కుంటున్న ఆడమనిషి ఒకావిడ అక్కడే నిలబడిపోయి చెవి ఇటు పెట్టింది. దిసేబో ఆవిడ వంక ఒక్క చూపు చూసేసరికి చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

"మీ పిల్లాడు రోరిసాంగ్ బంగాళాదుంపల బస్తా తెచ్చాడు," అంది మామొలెఫి. "క్యాబేజీలూ తెచ్చాడు. నా దగ్గర కూర్చుని ప్రార్థన కూడా చేశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి మా కోడల్ని అడిగాడంట, ఆఫీసు పని ఒక్కటుంది, అమ్మని కదపద్దు, ఫోన్ ఒక్క నిమిషం ఇవ్వు అని. అది ఇచ్చింది. ఎంత మంచివాడత్తా, నిన్ను ఇబ్బంది పెట్టకుండా పని చూసుకుపోయాడు అని నాతో చెప్పింది కూడా. నేనూ అలాగే అనుకున్నాను, నువ్వే పంపావని." కళ్ళు తిప్పకుండా దిసేబోని చూసింది. "పంపావా?"

"బంగాళాదుంపలు పంపాను," అంది దిసేబో.

ఆ మాట అంటుంటే ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పరామర్శకి పంపిన పిల్లాడు చావు ఇంట్లో వేలు పెట్టి వచ్చాడు. తను పంపిందే అయినట్టు ఈ పెద్దావిడ ఇన్ని రోజులు మనసులో పెట్టుకుని, పెట్టుకుని, చివరికి నియమం తప్పి వీధిన పడి అడగాల్సి వచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు దిసేబో ఈ ఊళ్ళో ఎరగదు.

"మినీబస్సు పోతే?" అంది, తనకి తెలిసిన జవాబే అయినా.

"పోతే ఏముంది. పెద్దోడు డ్రైవరు, చిన్నోడు కండక్టరు. ఇద్దరూ ఇంట్లో కూర్చుంటారు. నేను వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటాను."

"మీరు ఇక్కడే కూర్చోండమ్మా. టీ పంపిస్తాను. శుక్రవారం లోపల ఏదో ఒకటి చేస్తాను."

"ఏం చేస్తావు?"

దిసేబో లోపలికి వెళ్ళిపోయింది.

రోరిసాంగ్ అప్పటికే వెనక గుమ్మం నుంచి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. కాగితంలో చుట్టిన మగ్విన్యాలు, అవే వేయించిన పిండి ఉండలు, ముందు పెట్టుకుని, నూనె ఓడుతున్న ఒకటి సగం కొరికి పట్టుకున్నాడు. పిన్ని మొహం చూడగానే మిగిలిన సగం కింద పెట్టేశాడు.

"మామొలెఫి ఫోన్ ఎవరు నొక్కారురా?"

వాడు బుకాయించలేదు. ఆ ఒక్క విషయంలో వాడి తల్లి పోలిక. చేతులు కాగితానికి తుడుచుకుని, "నేనే పిన్నీ," అన్నాడు.

"చావు ఇంట్లోనా?"

"గడువు దగ్గర పడింది కదా. ఆవిడ ఎటూ లేవకూడదు. జవాబు ఇవ్వకపోతే జరిమానా పడేది. ఆవిడ మంచికే..."

"ఆవిడ మంచికా. స్కూలు కాంట్రాక్టు పోయిన సంగతి నీకు తెలుసా?"

"నాకెట్లా తెలుస్తుంది? ఎవరు చెబుతారు నాకు?" అన్నాడు రోరిసాంగ్. అంతసేపూ బిగబట్టింది ఒక్కసారిగా బయటికొచ్చింది. "నేను ఎన్నిసార్లు మెసేజీ పెట్టానో తెలుసా పిన్నీ? ఒకడు బైబిల్ వాక్యం బొమ్మ పంపుతాడు. ఒకావిడ, ఎవరబ్బాయివి నువ్వు అని అడుగుతుంది. ఇంకొకాయన తన ఫోన్ బ్యాలెన్సు తినేసే మోసం అనుకుని పోలీసుకి చెబుతానంటాడు. ఒకటో రెండో నొక్కమంటే నొక్కరే. నేను చదువుకున్నది, రాత్రింబగళ్ళు కూర్చుని తయారు చేసింది దీనికోసమా? యంత్రం బాగా పనిచేస్తుంది. మనుషులే పనిచెయ్యరు."

"మనుషులు పనిచెయ్యకపోతే నాకు చెప్పాలి. ఫోన్ తీసుకుని నేను కూర్చునేదాన్ని."

"నీ గొంతు పోయింది పిన్నీ. పోయినేడు చూశాను కదా, ఎట్లా ఉన్నావో. నీకు చెబితే యంత్రం తీసి పారేస్తావు. మళ్ళీ ఆగస్టు అంతా నువ్వు వానల గురించి మాట్లాడుతూ కూర్చుంటావు. అది నేను చూడలేను."

దిసేబోకి వాణ్ణి కొట్టాలనిపించింది. దగ్గరకి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా తన కుర్చీలో కూలబడింది. ఇంత తెలివైన పిల్లాడు ఇంత మూర్ఖంగా తన మీద ప్రేమ చూపించాడని తెలిసి ఆవిడకి కోపం ఇంకా పెరిగింది.

చెయ్యగలిగింది ఒక్కటే ఉందని ఆవిడకి ముందునుంచీ తెలుసు. పన్నుల శాఖకి ఉత్తరం రాయాలి. ఈ లెక్క మనిషి మాట లేకుండా వెళ్ళింది, తప్పు నాది, దీన్ని కొట్టేసి ఆవిడ డబ్బు ఆవిడకి ఇవ్వండి అని. అలా రాస్తేనే శుక్రవారంలోపు ఏమైనా కదిలే ఆశ ఉంది. కానీ ప్రతి లెక్క కిందా, ఈ అంకె మనిషి ఒప్పుకున్నదే అని హామీ ఇచ్చి ఉన్నది దిసేబో పేరు. ఆ హామీ అబద్ధమని తనే రాసిస్తే ఈ పని చేసే అనుమతి ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆవిడ కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. రోరిసాంగ్ దూరం నుంచే మెడ సాచి చదువుతున్నాడు.

"అది రాయకు పిన్నీ."

"మినీబస్సు పోతే ఆ ఇల్లు పోతుంది."

"ఒక్కరికి రాస్తే..." అని ఆగిపోయాడు.

కలం కూడా ఆగింది. దిసేబో తల ఎత్తింది. ఈ ఏడాది అందరూ జవాబిచ్చారు, ఒక్కరూ మిగల్లేదు అని తను ఊరంతా చెప్పుకున్న మాటలు ఇప్పుడు ఆవిడ చెవుల్లో వేరేగా వినిపిస్తున్నాయి. ఆగస్టు నెలంతా వీడు ఆఫీసులో ఎందుకు కనబడలేదో, బండి పెట్రోలు ఖర్చు ఎందుకంత అయిందో, వీడు ఎప్పుడూ లేనిది చర్చికీ పెళ్ళికీ పరామర్శకీ అడిగిన ప్రతిచోటికీ ఎందుకు వెళ్ళాడో అర్థమయింది. కష్టమంతా యంత్రమే పడిందని తను అనుకుంటుంటే, వీడు ఇల్లిల్లూ తిరిగి, టీలు తాగి, ఫోన్లు అడిగి తీసుకుని, ఒక్కొక్కటీ తన వేలితో నొక్కుకుంటూ వచ్చాడు.

"ఇంకా ఎవరెవరివిరా?"

"ఎవరివి నొక్కలేదో అడుగు పిన్నీ. అది తొందరగా చెప్పగలను."

"చెప్పు."

"ఒక్కరే తమంతట తాము జవాబిచ్చారు. ఊమ్ ఫాన్."

ఫాన్ స్టెయెన్‌కాంప్ ఈ ఊళ్ళో చాలాకాలం మేజిస్ట్రేటుగా చేసి రిటైరై, నది అవతల పీకాన్ గింజల తోట పెట్టుకున్న ముసలాయన. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ ఆయన్ని ఊమ్ అనే పిలుస్తారు, అంటే పెదనాన్నా అని. ఆయన ముందు నిలబడి అబద్ధం చెప్పిన మనిషి ఈ ఊళ్ళో సుఖపడలేదని చెప్పుకుంటారు. దిసేబోకి ఒక్క క్షణం ఊపిరి తిరిగింది. ఒక్కరైనా నిజంగా జవాబిచ్చినవాళ్ళు ఉన్నారు కదా అనుకుంది.

"ఆయన ఏం నొక్కారు?"

"రెండు," అన్నాడు రోరిసాంగ్. నేలచూపులు చూశాడు. "నేను మాట్లాడదామనే వెళ్ళాను, ఒట్టు. కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. ఫోన్ బల్ల మీద ఛార్జింగ్‌లో ఉంది. అప్పటికి చెయ్యి అలవాటు పడిపోయింది పిన్నీ."

వద్దు అని చెప్పిన ఒకే ఒక్క మనిషి చేత కూడా సరే అనిపించి వచ్చాడు వీడు, అదీ ఒక మేజిస్ట్రేటు చేత.

బయట బండి ఆగిన చప్పుడయింది. కిటికీ అద్దంలోంచి చూస్తే తోటమట్టి అంటిన పాత తెల్లటి బండి. ఊమ్ ఫాన్ దిగి, గోడ వారగా కూర్చున్న మామొలెఫిని చూసి టోపీ తీశాడు. ఏదో అడిగాడు. ఆవిడ తల వంచుకునే జవాబు చెప్పింది. ఆయన చాలాసేపు వంగి నిలబడి విన్నాడు. తర్వాత టోపీ చేతిలోనే పట్టుకుని లోపలికి వచ్చాడు.

రోరిసాంగ్ లేచి నిలబడ్డాడు. ఊమ్ ఫాన్ వాడి వంక చూడలేదు. దిసేబో బల్ల దగ్గరికి వచ్చి, ఆవిడ చెయ్యి కింద ఉన్న కాగితాన్ని అడక్కుండానే తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. కోర్టులో కాగితాలు చదివినట్టే, పెదాలు కదపకుండా చదివాడు.

"ఇది పంపావా?"

"ఇంకా లేదు ఊమ్. సంతకం పెట్టాలి."

"నువ్వు ఇది పంపితే వాళ్ళు మీ ఆఫీసు నుంచి వెళ్ళిన ప్రతి లెక్కా తీసి చూస్తారు. అది తెలుసా?"

"తెలుసు."

"నాదీ చూస్తారు."

"చూస్తారు ఊమ్. మీది తప్పని కూడా నేనే రాసిస్తాను. మీరు రెండు నొక్కారని ఇప్పుడే తెలిసింది. తప్పంతా మాది."

ఊమ్ ఫాన్ కాగితాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు. దాన్ని అరచేత్తో మూసి ఉంచాడు. ఇన్నేళ్ళలో ఆయన భయపడటం దిసేబో చూసింది ఇదే మొదటిసారి.

"పంపకు దిసేబో," అన్నాడు. "ఆవిడ కిస్తీ నేను కడతాను. ఈ రోజే కడతాను. నువ్వు ఇది పంపకు. నేను రెండు ఎందుకు నొక్కానో ముందు విను."

రోరిసాంగ్ మొహం విప్పారింది. మినీబస్సు దక్కుతుంది, పిన్ని అనుమతి ఉంటుంది, యంత్రం ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఒప్పుకో పిన్నీ అని వాడి కళ్ళు బతిమాలాయి. ఆ క్షణంలో దిసేబోకి కూడా ఒప్పేసుకోవాలని ఎంత బలంగా అనిపించిందో ఆవిడకే తెలుసు. కానీ వాడు ఇల్లిల్లూ తిరిగి నొక్కిన అందరి మీదా ఇలాగే ఏదో ఒక బరువు పడి ఉంటుంది. వాళ్ళందరికీ కిస్తీలు కట్టే మేజిస్ట్రేట్లు లేరు.

ఆవిడ ఆయన చెయ్యి కిందనుంచి కాగితాన్ని నెమ్మదిగా లాగింది. ఆయన ఒక్క క్షణం బిగించి పట్టి, వదిలేశాడు. ఆవిడ కింద తన పేరు రాసి, సంతకం పెట్టి, కాగితాన్ని రెండుగా మడిచి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి ఊమ్," అంది.